పేరు పెట్టి పిలిచిన పెద్దాయన

మా ఇల్లు మధురవాడలో వుంది. క్రికెట్ స్టేడియానికి కూతవేటు దూరమంటే కాస్త ఎక్కువ చెప్పినట్టవుతుంది గాని, గాలి ఇటు తిరిగితే మాత్రం అక్కడి కేకలు మా డాబా మీదికి చక్కగా వినవస్తాయి. ఆట వున్న రోజున మా ఇంట్లో ఒక వింత జరుగుతూ వుంటుంది. ముందు డాబా మీదికి పెద్ద హోరు వస్తుంది. ఆ తరువాత కొన్ని క్షణాలకు గాని కింద హాల్లో టీవీలో వికెట్టు పడదు. అందుచేత మా ఆవిడ టీవీ ముందు కూర్చుని, మా అబ్బాయిని డాబా మీద నిలబెట్టి, జరగబోయేదంతా ముందే తెలుసుకుంటూ వుంటుంది. జ్యోతిష్కులకు కూడా ఇంత సౌకర్యం లేదు.

2025 అక్టోబరు 12న మహిళల ప్రపంచ కప్పు పోటీలో మన అమ్మాయిలకూ ఆస్ట్రేలియా వారికీ ఇక్కడే ఆట జరిగింది. మనవారు 330 పరుగులు చేశారు. అంత చేసినా, ఆస్ట్రేలియా వారు ఇంకా మూడు వికెట్లు చేతిలో వుండగానే గెలిచిపోయారు. ఆ రాత్రి మా ఆవిడ అన్నం సరిగా తినలేదు. అయితే నేను చెప్పదలచుకున్నది గెలుపోటముల సంగతి కాదు.

ఆ రోజు నేను కూడా డాబా మీదనే వున్నాను. నోరు మూసుకుని వున్నాను. మాటవరసకు అనడం లేదు, నిజంగానే మూసుకున్నాను. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి చెప్పి నా గొంతు పట్టుకుపోయింది. లోపల చిన్న బుడిపెలు లేచాయనీ, మూడు వారాల పాటు గుసగుసలు కూడా పనికిరావనీ డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. ఏమి కావలసినా మా అబ్బాయి నోటుబుక్కు మీద రాసి చూపించడమే. మా ఆవిడ పైకి విచారం వెలిబుచ్చిందే గాని, ఆ మూడు వారాలూ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేకుండా పోయింది.

మాట పోయినవాడికి చెవులు పదునెక్కుతాయి కాబోలు. ఆ సాయంత్రం హోరు తగ్గినప్పుడల్లా మైదానం నుంచి ఒక గొంతు నాకు ప్రత్యేకంగా వినిపించసాగింది. శ్రీచరణి అన్నది. ఆ అమ్మాయి మన కడప జిల్లా పిల్ల. అనాబెల్ సదర్లాండ్ అన్నది. ఆ అమ్మాయి మనవారి వికెట్లు అయిదు పడగొట్టిన ఆస్ట్రేలియా పిల్ల. రెండు పేర్లూ ఒకే మర్యాదతో గాలిలో తేలివచ్చాయి.

"ఆ పేర్లు చెప్పేవారి పేరేమిటి నాన్నగారూ?" అని అడిగాడు మా అబ్బాయి.

"తెలియదు" అని రాశాను. రాశాక నాకే ఎలాగో అనిపించింది. వేలమంది చెవుల్లో పడుతున్న గొంతు. అందరి పేర్లూ అది చెబుతుంది. దాని పేరు మాత్రం మాలో ఎవరికీ తెలియదు. "అసలు లోకంలో పేరున్న ఎనౌన్సరు ఎవరైనా వున్నాడేమో చూడరా" అని రాసి చూపించాను. మావాడు ఫోనులో కాసేపు వెతికి, సూటూ టై వేసుకున్న ఒక సన్నటి ముసలాయన బొమ్మ నా ముందు పెట్టాడు. పేరు బాబ్ షెపర్డ్. ఊరు న్యూయార్కు. వృత్తి బడిపంతులు. ఆ చివరి మాటతో నేను లేచి కూర్చున్నాను.

వ్యాఖ్యాత వేరు, ఎనౌన్సరు వేరు

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. ఆట గురించి మైకులో మాట్లాడడం మన వైపు వారికి కొత్త కాదు. 1936లో భారత జట్టుకు నాయకుడై ఇంగ్లండు వెళ్లిన మన విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ, తరువాత రేడియోలో క్రికెట్ వ్యాఖ్యాతగా స్థిరపడ్డాడు. 1959లో మనవారు ఇంగ్లండు వెళ్లినప్పుడు బీబీసీ వారు ఆయన్ను అతిథి వ్యాఖ్యాతగా పిలిచారు కూడాను. వ్యాఖ్యాత పని ఆట చూడలేనివారికి దాన్ని కళ్లకు కట్టించడం. అందుకు ఎంత మాట్లాడినా చెల్లుతుంది.

ఎనౌన్సరు సంగతి అలా కాదు. అతను మాట్లాడేది ఆట చూడడానికి వచ్చి కూర్చున్నవారితోనే. వారికి కళ్లున్నవి. కొట్టిన దెబ్బను గురించి అతను చెప్పవలసినదేమీ లేదు. ఎవరు వస్తున్నారో చెప్పాలి, చెప్పి ఊరుకోవాలి. పెళ్లిపందిట్లో పురోహితుడు చేసే పని వ్యాఖ్యాతది. గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవారిని పేరు పేరునా లోపలికి పిలిచే పెద్దమనిషి పని ఎనౌన్సరుది.

షెపర్డ్ అలా నిలబడిన గుమ్మం యాంకీ స్టేడియం. అమెరికా వారికి బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్ అన్నంత పిచ్చి. మన బిళ్లంగోడుకూ క్రికెట్టుకూ మధ్య రకమైన ఆట అది. జట్టుకు తొమ్మిదిమంది. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు గుండ్రటి కర్రతో కొట్టి నాలుగు మూలలూ చుట్టివస్తాడు. న్యూయార్కు యాంకీలు ఆ ఆటలో అందరికన్నా ఎక్కువ పేరున్న జట్టు. 1923లో కట్టిన వారి పాత స్టేడియంలో అరవైవేల మందికి పైగా కూర్చునేవారు.

బడి చెడకుండా

షెపర్డ్ 1910 అక్టోబరు 20న న్యూయార్కులోని క్వీన్స్ ప్రాంతంలో పుట్టాడు. సెయింట్ జాన్స్ కాలేజీలో చదివే రోజుల్లో ఫుట్‌బాలూ బేస్‌బాలూ రెండూ ఆడాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎమ్మే చేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేసి తిరిగివచ్చి, జాన్ ఆడమ్స్ హైస్కూల్లో మేష్టరయ్యాడు. చెప్పిన పాఠం లెక్కలు కాదు, చరిత్ర కాదు. మాట్లాడడం. మాటను ఎలా పలకాలి, ఎక్కడ ఆగాలి, ఎదటివాడికి ఎలా చేర్చాలి అన్నదే ఆయన పాఠం. తరువాత సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో కూడా అదే బోధించాడు. మన దేశంలో ఇటువంటి పాఠం ఒకటి వుంటే ఎన్ని సభలు సుఖంగా జరిగేవో పాఠకులే ఊహించుకోవచ్చును.

ఫుట్‌బాల్ ఆటలకు ఆయన సరదాగా ఎనౌన్సరు పని చేస్తూ వుండగా, ఆ గొంతు యాంకీల యాజమాన్యం చెవిని పడింది. వారు పిలిచారు. అయితే పగటిపూట ఆటలు బడివేళకు అడ్డం వస్తున్నాయి. బడి చెడకుండా ఏర్పాటు కుదిరిన తరువాతనే ఆయన ఒప్పుకున్నాడు. ఎంత పేరు వచ్చిన తరువాత కూడా, మైకు దగ్గర చేసే పనికన్నా తరగతిలో చేసే పనే ముఖ్యమని ఆయన నలుగురిలోనూ చెబుతూ వుండేవాడు.

1951 ఏప్రిల్ 17న, బోస్టను జట్టుతో జరిగిన ఆటకు ఆయన మొదటిసారి మైకు ముందు కూర్చున్నాడు. యాంకీల తరపున జో డిమాజియో ఆడిన చివరి సంవత్సరమది. మికీ మాంటిల్ అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు మొట్టమొదటిసారి పెద్ద ఆటలో అడుగుపెట్టినది ఆనాడే. ఒక యుగం వెళ్లిపోతూ వుండగా, మరొక యుగం వస్తూ వుండగా, ఆ రెండు పేర్లనూ పిలిచినది ఒకే గొంతు.

మూడు నియమాలు

ఎనౌన్సరుకు ఆయన పెట్టుకున్న నియమాలు మూడే. స్పష్టంగా పలకాలి, క్లుప్తంగా పలకాలి, తప్పు లేకుండా పలకాలి. అరవకూడదు. మనవాడు వచ్చినప్పుడు గొంతు పెంచి, పైవాడు వచ్చినప్పుడు దించకూడదు. ఆయన సొంత జట్టువాణ్ణి పిలిచిన తీరుకూ, ఎదటి జట్టువాణ్ణి పిలిచిన తీరుకూ వెంట్రుకవాసి తేడా వుండేది కాదు.

ఆయన ప్రకటనకు ఒక కట్టుబాటు వుండేది. ముందు ఆటగాడు నిలిచే స్థానం, తరువాత అతని చొక్కా మీది అంకె, తరువాత పేరు, మళ్లీ ఆ అంకె. అంత పెద్ద స్టేడియంలో మాట గోడలకు తగిలి తిరిగి వస్తుంది. తొందరపడితే వెనకటి మాట వచ్చి ముందరి మాట మీద పడుతుంది. అందుచేత ఆయన ఒక్కొక్క మాటా పలికి, అది వెళ్లి సర్దుకునేదాకా ఆగి, తరువాతి మాట పలికేవాడు. పద్యం చదివేటప్పుడు యతి దగ్గర ఆగడం మనకు గురువులు నేర్పినట్టే వుంది ఇదంతా.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి మరొకటి వుంది. కొత్త ఆటగాడెవరైనా వస్తే, ఆట మొదలు కాకముందే షెపర్డ్ తానే వారి గదికి వెళ్లేవాడు. "నీ పేరు నువ్వు ఎలా పలుకుతావు?" అని అడిగేవాడు. పత్రికలవారు ఎలా పలుకుతారన్నది కాదు, ఎలా పలికితే సులువన్నదీ కాదు. ఆ పేరు గలవాడు ఎలా పలుకుతాడో అదే సరి. అమెరికా బేస్‌బాల్లోకి క్యూబా, మెక్సికో, జపాన్ దేశాలవారు వచ్చినకొద్దీ ఆయనకు సంబరం హెచ్చింది. మెక్సికో నుంచి వచ్చిన సలోమే బరోహాస్, జపాను నుంచి వచ్చిన షిగెతోషి హసెగావా వంటి పేర్లు పలకడమంటే ఆయనకు మహా ఇష్టం. తన దేశపు పేరే అయిన టెర్విలిగర్ అనే పేరు వచ్చినప్పుడు మాత్రం నాలుక తడబడుతుందేమోనని భయపడేవాడట. భయం వున్నచోటనే జాగ్రత్త వుంటుంది.

ఈ విధంగా ఆయన 4,500కు పైగా ఆటలకు పేర్లు పిలిచాడు. 1956లో డాన్ లార్సెన్ ప్రపంచ సిరీస్‌లో ఎదటివారిని ఒక్కణ్ణి కూడా మొదటి మూలకు చేరనివ్వకుండా ఆట ముగించిన నాడు ఆయన అక్కడ వున్నాడు. 1961లో రోజర్ మారిస్ ఒకే ఏడాదిలో 61వ హోం రన్ కొట్టిన నాడు వున్నాడు; వుండి, దాని మీద చిన్న పద్యం కూడా అల్లాడు. ఆటకూ ఆటకూ మధ్య ఖాళీ దొరికితే ఒళ్లో పుస్తకం తెరిచి చదువుకునేవాడు. ఆదివారం తమ వూరి చర్చిలో వేదపాఠం చదివేవాడు. రెజీ జాక్సన్ అనే ఆటగాడు ఆయనది దేవుడి గొంతు అన్నాడు. ఆ బిరుదు నిలిచిపోయింది. 2000 మే 7న స్టేడియంలో ఆయన పేర ఉత్సవం జరిపి, గొప్ప ఆటగాళ్ల ఫలకాల సరసన ఆయనకు కూడా ఒక ఫలకం పెట్టారు. ఆయన వాడిన మైకు కూపర్స్‌టవునులోని బేస్‌బాల్ మ్యూజియానికి చేరింది.

ఖాళీ అయిన కుర్చీ

2007 సెప్టెంబరు 5న సియాటిల్ జట్టుతో ఆట జరిగింది. షెపర్డ్ వయస్సు అప్పటికి 96 ఏళ్లు దాటి 97 నిండబోతున్నది. అదే తన చివరి ఆట అని ఆయనకు తెలియదు, వినేవారికీ తెలియదు. తరువాత కొద్దిరోజులకే ఊపిరితిత్తుల గొట్టాల్లో జబ్బు చేసి మంచం పట్టాడు. ఆ ఏడాది చివరి పోటీలకు రాలేకపోయాడు. అప్పటిదాకా అటువంటి పోటీలు వరసగా 121 ఆటలకు ఆయన ఒక్కటైనా తప్పలేదు.

2008 వచ్చింది. పాత స్టేడియానికి అదే ఆఖరి సంవత్సరం. పక్కనే కొత్తది కడుతున్నారు. పాత ఇంటికి వీడ్కోలు చెప్పే రోజున పాత గొంతు వుండి తీరాలని అందరూ ఆశపడ్డారు. అందరికన్నా ఎక్కువగా ఆయనే ఆశపడ్డాడు. ఒళ్లు సహకరించలేదు. సెప్టెంబరు 21న ఆఖరి ఆట జరిగినప్పుడు, ఇంటి దగ్గర రికార్డు చేసి పంపిన ఆయన మాటలు మాత్రం వినిపించారు. మనిషి రాలేదు.

గొంతు మీద బతికినవాడికి ఆ దశ ఎలా వుంటుందో, నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్న నాకు కొంచెం తెలిసింది. నాది మూడు వారాల ముచ్చట. అంతలోనే నా తరగతిలో మరొకరు పాఠం చెబుతున్నారనీ, పిల్లలకు ఆయన నచ్చారనీ విని, నేను పైకి సంతోషించి లోపల ఉడుక్కున్నాను. ఆయన రెండేళ్లు ఎదురుచూశాడు. 2009లో కొత్త స్టేడియం తెరిచారు. పాల్ ఓల్డెన్ అనే మరొకాయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ నవంబరులో షెపర్డ్ పని విరమించుకున్నట్టు లోకానికి తెలిసింది.

ఇక్కడ డెరెక్ జీటర్ సంగతి చెప్పాలి. అతడు యాంకీల నాయకుడు, చొక్కా మీద రెండవ అంకె గలవాడు. మొదటినుంచీ సొంత మైదానంలో షెపర్డ్ గొంతు పిలిస్తేనే అతడు బ్యాటు పట్టి ముందుకు నడిచాడు. పెద్దాయన జబ్బుపడ్డాక జీటర్ ఒక కోరిక కోరాడు. తన పేరు ఆయన చేత రికార్డు చేయించి, సొంత మైదానంలో తాను వచ్చినప్పుడల్లా అదే వినిపించాలని. అలాగే చేశారు. తక్కినవారిని కొత్త గొంతు పిలిచేది. జీటర్‌ను మాత్రం పాత గొంతు పిలిచేది.

2010 జులై 11న, నూరేళ్లు నిండడానికి మూడు నెలలుండగా, షెపర్డ్ తన ఇంట్లో కన్నుమూశాడు. జులై 16న కొత్త స్టేడియంలో ఆట జరిగింది. ఆ రోజు ఆయన గౌరవార్థం మైకులో ఒక్క పేరు కూడా చెప్పలేదు. ఆటగాళ్లు ఒకరి తరువాత ఒకరు పిలుపు లేకుండా వచ్చి ఆడి వెళ్లారు. వేలాదిమంది మధ్య ఆ మౌనాన్ని విన్నవారికి, అన్నేళ్లూ తాము విన్నదేమిటో అప్పుడు తెలిసివుంటుంది.

జీటర్ 2014 సెప్టెంబరు 25న సొంత మైదానంలో చివరి ఆట ఆడాడు. చివరి దెబ్బతో తనవారిని గెలిపించాడు. ఆ దెబ్బకు ముందు అతన్ని పిలిచినది నాలుగేళ్ల కిందట చనిపోయిన మనిషి గొంతే.

హాజరు పట్టీ

మన ఆచారం ప్రకారం పేరు పెట్టి పిలవడం అంత గౌరవం కాదు. పెద్దలను పేరుతో పిలవం. భర్త పేరు భార్య చెప్పని ఇళ్లు ఇప్పటికీ వున్నాయి. అందుకే కొత్త దంపతులను గుమ్మం దగ్గర ఆపి, పేర్లు చెబితే గాని లోపలికి రానివ్వమని ఆడపడుచులు సరదా పట్టిస్తారు. కాని ఆలోచిస్తే, ఆ వేడుకలో వున్నది కూడా ఇదే. పేరు అంత తేలికగా నోటికి రాకూడని వస్తువు. పలికితే దానికి తగినట్టు పలకాలి.

ఈ సంగతి నాకు తెలియక చేసిన పని ఒకటి వుంది. మాది కృష్ణా జిల్లా. ఉద్యోగానికి ఈ ప్రాంతం వచ్చిన కొత్తల్లో ఇక్కడి పేర్లు నాకు వింతగా తోచేవి. అప్పలరాజు, పైడిరాజు, అప్పలనర్సమ్మ. సింహాచలం అనే పేరు అబ్బాయిలకూ వుంది, అమ్మాయిలకూ వుంది. ఇంటిపేర్లు నక్కా, గేదెల, మేకా. ఒకనాడు హాజరు పిలుస్తూ, అటువంటి ఇంటిపేరు గల కుర్రవాడి పేరు దగ్గర ఆగి, ఇంటిపేరును కొంచెం సాగదీసి పలికాను. తరగతి గొల్లుమన్నది. నేను కూడా నవ్వాను. మర్నాటినుంచి ఆ అబ్బాయి హాజరు పలికే గొంతు సన్నబడింది. వెనక బల్లకు మారాడు. రెండవ సంవత్సరంలో చదువు మానేశాడు. ఎందుకు మానాడో నాకు తెలియదు. ఇంటి ఇబ్బందే కావచ్చును. నా నవ్వు వల్లనే అనుకుంటే నన్ను నేను మరీ పెద్దవాణ్ణి చేసుకున్నట్టవుతుంది. కాని ఆ రోజు నవ్వినవారిలో మేష్టరు ఒకడున్నాడన్నది మాత్రం నిజం.

తరువాత నాకు బుద్ధి వచ్చిందనుకుని, పేర్లు మానేసి నంబర్లు పిలవడం మొదలుపెట్టాను. ఎవరినీ నొప్పించే పని లేదు, కాలమూ కలిసివస్తుంది. పద్నాలుగేళ్లు అలాగే గడిచాయి. షెపర్డ్ కూడా నంబరు పిలిచాడు. కాని రెండు నంబర్ల మధ్యన పేరు పెట్టి పిలిచాడు. నేను ఆ మధ్యనున్నది తీసేశాను.

మూడు వారాలు గడిచి డాక్టరుగారు అనుమతి ఇచ్చారు. మెల్లగా మాట్లాడమన్నారు, గొంతు పెంచవద్దన్నారు. ఆ మరునాడు తరగతికి వెళ్లి, హాజరు పట్టీ తెరిచి, ఒక్కొక్కరినీ లేచి తమ పేరు తామే చెప్పమన్నాను. వారు ఎలా పలికారో నేనూ అలాగే పలికి, సరిగా వున్నదా అని అడిగాను. మొదట నవ్వుకున్నారు. పదిమంది అయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి. మూడవ వరసలో ఒక అమ్మాయి తన పేరు సింహాచలమని చెప్పింది. నేను తిరిగి పలికాను. "సరిగ్గానే వుందండి. ఇన్నాళ్లూ మీకు నేను పదిహేడండి" అన్నది. వెక్కిరింపుగా అనలేదు, మామూలుగానే అన్నది. నేను పట్టీ వైపు చూస్తూ వుండిపోయాను.

యాభై ఎనిమిది మందీ అయ్యేసరికి గంట కొట్టారు. పద్యం మరునాటికి వాయిదా పడింది.

ఆ సాయంత్రం ఇదంతా ఇంట్లో చెప్పాను. మా ఆవిడ విని, "ఇన్నేళ్లలో నన్ను పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచారో అది కూడా ఆ పట్టీలో చూడండి" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు. డాక్టరుగారు మితంగా మాట్లాడమన్న సంగతి సమయానికి గుర్తుకు వచ్చింది.

మధురవాడలో పేర్లు పిలిచే ఆ గొంతు ఎవరిదో మాత్రం మాకు ఇంకా తెలియలేదు. ఈసారి ఇక్కడ ఆట పెట్టినప్పుడు డాబా మీద కాకుండా టిక్కెట్టు కొని లోపలికే వెళదామనుకున్నాము. ఎవరినైనా అడిగి ఆ పేరు కనుక్కోవాలి, వారు తమ పేరు ఎలా పలుకుతారో కూడా అడిగిరావాలి అని మా అబ్బాయికి పని ఒప్పజెప్పాను.